లాగాఫ్ కొట్టిన మధ్యాహ్నం

నేను ఏం పని చేస్తానో నారాయణఖేడ్‌లో ఎవరికీ సరిగ్గా తెలియదు. చెప్పి చెప్పి విసుగొచ్చి నేనే మానేశాను. కింద మా ఆయన మోటార్ వైండింగ్ దుకాణం, పైన నా గది. కాలిపోయిన బోరు మోటార్లు పట్టుకుని మనూర్ నుంచి, కల్హేర్ నుంచి రైతులు వస్తారు. పని అయ్యేదాకా మెట్ల మీద కూర్చుని, పైన ఫోన్‌లో ఇంగ్లీషులో వాదించే నన్ను వింటుంటారు. ఒకసారి ఒకాయన అడగనే అడిగాడు.

“మీ ఇంటామె ఏం పని చేస్తది?”

“మిషన్లు నడుపుతది. గవి కండ్లకు కనబడవ్,” అన్నాడు మా ఆయన, తీగ చుట్టడం ఆపకుండా.

“కనబడకుంటే గ్రీజు ఎట్ల పెడ్తది?”

నవ్వొచ్చింది గానీ నా పనిని అంతకన్నా బాగా ఎవరూ చెప్పలేదు. ఒక బ్యాంకుకు మెయిన్‌ఫ్రేమ్ ఉంది. బీరువా అంత కంప్యూటర్. దాని లోపల, లైనక్స్ అనే ఆపరేటింగ్ సిస్టమ్‌తో, వందకు పైగా మిషన్లు నడుస్తుంటాయి. ఒక్కొక్కటీ తానే పూర్తి కంప్యూటర్ననుకుంటుంది, నిజానికి దేనికీ సొంత ఇనుము లేదు. వాటిని వర్చువల్ మిషన్లంటారు. ఉన్న మెమొరీని వాటికి పంచడం, కొత్తవి తయారుచేయడం, పడిపోయినవాటిని లేపడం నా పని. ప్రతి విభాగమూ కావలసినదానికి రెండింతలు అడుగుతుంది. అడిగినంతా ఇస్తే అన్నీ నత్తనడక నడుస్తాయి. అందరూ అందలం ఎక్కితే మోసేవాళ్లెవరు? కాదన్నందుకు నాకు గయ్యాళి అని పేరు.

ఆ పేరు చాలదన్నట్టు, ఈ మధ్య మా కంపెనీ వాళ్లు ప్రచారం కూడా నా నెత్తినే పెట్టారు. బ్యాంకులోని ఒక్కో విభాగానికీ వీడియో కాల్‌లో కనబడి, మీ లైనక్స్ పనులన్నీ మా పెద్ద పెట్టెలోకి తెచ్చుకోండి అని చెప్పాలి. మొదటి మాట ఎప్పుడూ ఒకటే వినబడేది. “మెయిన్‌ఫ్రేమా? ఇంకా ఉందా అది?” పెళ్లికి వచ్చిన ముసలాయన్ని చూసి ఎవరో ఆశ్చర్యపోయినట్టు. ఉందండీ, నిక్షేపంలా ఉంది అని మొదలుపెట్టి, అవే బొమ్మలు, అవే మాటలు. చెప్పే నాకే నా గొంతు వినాలనిపించేది కాదు.

అయినా మానలేకపోయాను. కారణం ఒక్కటే. బ్యాంకు అప్పుల విభాగం గనక మా దగ్గరికి రాకపోతే బ్యాంకుతో మా కంపెనీకున్న కాంట్రాక్టు ముగిసిపోతుంది, నేను హైదరాబాద్ ఆఫీసులో వేరే పనికి వెళ్లి కూర్చోవాలి. పెళ్లయిన తర్వాత కూడా ఏళ్ల తరబడి వారమంతా అక్కడ హాస్టల్లో ఉండి, శనివారాలు ఇంటికొచ్చి, ఉతికిన బట్టలతో తిరిగి బస్సెక్కినదాన్ని. మా ఆయన దుకాణం ఇక్కడే, ఆయన చేతి మీద నమ్మకమున్న రైతులూ ఇక్కడే. ఇంట్లో ఉండి పనిచేసుకోమన్న రోజు నాకు ఉద్యోగం కొత్తగా దొరికినంత సంబరపడ్డాను. మళ్లీ ఆ బతుకు నాకు వద్దు.

అప్పుల విభాగం పెద్ద ఒకావిడ. హైదరాబాద్ నుంచి మాట్లాడేవారు. నా వయసే ఉంటుంది, లైనక్స్ మీద చాలాకాలంగా పనిచేస్తున్నారు. ఒక మధ్యాహ్నం వీడియో కాల్‌లో ఆమె చూస్తుండగానే నలభై మిషన్లు పుట్టించి చూపించాను. ఒకదాంట్లో వాళ్లు పరీక్షించడానికని ఇచ్చిన డేటా పెట్టి, మిగతావన్నీ దాన్ని అడిగి జవాబు తెచ్చుకునేలా అమర్చాను. బాగా నడిచింది.

“ఒకసారి నన్ను పట్టుకోనియ్యండి మేడమ్,” అన్నారామె.

డేటా ఉన్న మిషన్ తెర ఆమెకు అప్పగించాను. చకచకా చూశారు, కొన్ని ప్రశ్నలు వేశారు, తృప్తిగా తలూపారు. లైనక్స్ నుంచి బయటికొచ్చారు. తర్వాత, లైనక్స్‌లో ఉన్న అలవాటు కొద్దీ, ఆ మిషన్లన్నిటినీ మోసే బయటి పెద్ద వ్యవస్థ నుంచి కూడా మర్యాదగా సెలవు తీసుకుందామని ‘లాగాఫ్’ కొట్టారు.

మిగతా లోకంలో ఎక్కడైనా అది మంచి అలవాటు. మా దగ్గర కాదు. గది తలుపు దగ్గరికి వేసి వెళ్లడం వేరు, వెళ్తూ వెళ్తూ ఇంటి మెయిన్ దించేయడం వేరు. ఆ తెర నుంచి ఊరికే తప్పుకోవాలంటే ‘డిస్క్’ అనాలి, డిస్‌కనెక్ట్‌కు పొట్టిపేరు. అప్పుడు మనం పోతాం, మిషన్ ఉంటుంది. లాగాఫ్ అంటే మిషనే పోతుంది. మా జట్టులో కొత్తవాళ్లెవరైనా చేరితే టీ కన్నా ముందు ఈ ముక్క చెప్తాం. ఆమె మా జట్టు కాదు.

డేటా ఉన్న మిషన్ మాయమైంది. జవాబిచ్చే దిక్కులేక మిగతావన్నీ తెర మీద ఒకటి తర్వాత ఒకటి ఎర్రబడ్డాయి. ఇంతలో పక్క తెర మీద మా మేనేజర్ మెసేజ్: “నెట్‌వర్క్ ప్రాబ్లమ్ అని చెప్పు. నువ్వు ఊళ్లో ఉన్నవ్ కదా, నమ్ముతరు.”

నిజమే, నమ్ముతారు. నారాయణఖేడ్ అంటే చాలు, కరెంటు పోయిందా, లైను తెగిందా అని వాళ్లే అందుకుంటారు. ఆడలేక మద్దెల ఓడు అన్నట్టు, నేను ఊరి మీదికి తోసేస్తే సరిపోయేది. కానీ ఆ రోజు లైను బంగారంలా ఉంది. పైగా నాకు అబద్ధం కట్టే ఓపిక కూడా లేదు. ఒక అబద్ధం చెప్తే దాన్ని మోయడానికి ఇంకో నాలుగు కావాలి.

“లైను బాగానే ఉంది. మీరు కొట్టిన మాటకే అది ఆగిపోయింది,” అని ఉన్నదున్నట్టు చెప్పాను. “తప్పు మీది కాదు. లైనక్స్ తెలిసిన ఎవరైనా అదే కొడతారు. మీ వాళ్లూ కొడతారు.”

ఆమె అడిగారు: “మరి మా వాళ్లకు ఇవన్నీ ఎవరు నేర్పిస్తరు?”

“నేనే నేర్పిస్తాను,” అన్నాను. అలాంటి ప్రశ్నకు అంతకన్నా ఏం జవాబుంటుంది? ఆ మిషన్‌ను మళ్లీ లేపి చూపించి, కాల్ ముగించాను. మేనేజర్ ఫోన్ చేసి, “నీ సత్యవాక్యం మన కొంప ముంచింది,” అన్నాడు. నేను కూడా అలాగే అనుకున్నాను. ఆ వారమంతా అన్నం సయించలేదు.

తర్వాత ఆమె నుంచి కబురొచ్చింది. తాము వస్తున్నామని. అమ్మడానికి వచ్చి తమ సరుకులో లోపం చెప్పినవాళ్లను తాను ఇంతవరకు చూడలేదని, ఆ ఒక్క కారణంతోనే ఒప్పుకున్నామని రాశారు. కింద ఒక షరతు. నేర్పిస్తానన్న మేడమ్ ఏడాది పాటు హైదరాబాద్‌లో తమ ఆఫీసులోనే, తమ వాళ్ల పక్కన కూర్చోవాలి. ఫోన్‌లో చెప్తే కుదరదు.

మేనేజర్ ఎగిరి గంతేశాడు. నన్ను అడగకుండానే సరేనని జవాబిచ్చేశాడు.

కిందికి దిగాను. మా ఆయన మోటారు బిగిస్తున్నాడు.

“ఏమన్నరు? అయిందా?”

“అయింది. వాళ్లు వస్తుండ్రు.”

“మరి గట్ల ఉన్నవేంది? సంతోషపడవా?”

“నన్ను రమ్మంటుండ్రు. హైదరాబాద్. ఏడాది.”

ఆయన పానా కింద పెట్టాడు. “గట్లెందుకు? ఇంట్ల ఉండనీకే కదా నువ్వు గింత కష్టపడ్డది?”

“అవును,” అన్నాను. “గందుకే నేర్పిస్తనన్న. గా మాటే పట్టుకున్నరు.”

ఆయన లేచి చేతులు తుడుచుకుని, “అన్నం తిందాం పా,” అన్నాడు. నాకు ఏడుపొచ్చింది.