పంపన్న కొసరు

రాయచూరు జిల్లా కవితాళ బస్టాండు పక్కన పంపన్న దుకాణం, దాన్ని ఆనుకుని నా జిరాక్స్ దుకాణం. మధ్యలో ఒక రేకు గోడ. ఆ గోడ గుండా పన్నెండేళ్ళుగా ఆయన మాటలు నాకూ, నా మిషను చప్పుడు ఆయనకూ వినబడుతూనే ఉన్నాయి. కాబట్టి ఆయన గురించి చెప్పే హక్కు నాకు కాక ఇంకెవరికి ఉంటుంది?

పంపన్న పని లీకులు ఆపడం. ట్రాక్టరు హైడ్రాలిక్ పైపు కారినా, వరికోత మిషను ఆయిలు చిమ్మినా, బోరు మోటారు జాయింటు చెమ్మగిల్లినా, మాన్వి దాకా అందరికీ ముందు ఆయనే గుర్తొస్తాడు. పైపుకూ పైపుకూ మధ్య ఉండే జోడు అంటే ఆయనకు ప్రాణం. ఆ జోడులో కూర్చునే నల్ల రబ్బరు ఉంగరాలను, అంటే ఓ-రింగులను, తన భార్య ఉలిగెమ్మ పాత గాజుల స్టాండుకు సైజుల వారీగా తొడిగి పెట్టుకుంటాడు. దుకాణానికి వచ్చిన ఒకావిడ ఆ నల్లగాజులు ఒకసారి చూపించమని అడిగింది కూడా. ఆయన చూపించాడు. ఆవిడ ఒకటి చేతికి ఎక్కించుకుంది. తీయడానికి సబ్బు కావాల్సి వచ్చింది.

చేత్తో ఇన్ని లీకులు ఆపే మనిషికి నోటి లీకు ఆపుకోవడం మాత్రం రాలేదు. ఆయన నోట్లో నువ్వుగింజ నానదు. స్కూటరు లైసెన్సు పరీక్షలో ఎనిమిది అంకె వేస్తూ నేను రెండుసార్లు కాలు కింద పెట్టాను. ఆ సంగతి ఎవరికీ చెప్పొద్దని ఆయన ఒక్కడికే చెప్పాను, నాదే బుద్ధి తక్కువ. సాయంత్రానికి ఇడ్లీ బండి దగ్గర నన్ను 'ఎనిమిదంకె మేడం' అన్నారు. నాలుగేళ్ళయింది. ఆ కోపం నాకింకా పోలేదు, పోనివ్వలేదు కూడా.

ఆయనది యరగేర దగ్గర ఒక చిన్న ఊరు. పద్దెనిమిదేళ్ళప్పుడు రాయచూరులో ఒక పత్తి మిల్లులో, బేళ్ళు కట్టే ప్రెస్సు దగ్గర పనికి చేరాడు. అక్కడి ముసలి ఫిట్టరు ఆయనకు రెండు సంగతులు నేర్పాడట. జోడును చావబిగించకూడదు, లోపలి ఉంగరం నలిగితే అది ఉన్నా లేనట్టే. ఇది మొదటిది. పని అయ్యాక గిరాకీకి కొసరు వెయ్యాలి. ఇది రెండోది.

కూరగాయలు తూచాక అమ్మే ఆవిడ పైన రెండు పచ్చిమిరపకాయలు వేస్తుంది చూడండి, అలాంటి కొసరు. అడగందే అమ్మయినా పెట్టదంటారు, పంపన్న అడక్కుండానే పెడతాడు. ట్రాక్టరు పైపు బాగుచేయమని ఇస్తే పైపుతో పాటు హారను కూడా బాగై వస్తుంది. ఒకసారి నా మిషను మూత కిర్రుమంటోందని, నాతో ఒక్క మాటైనా అనకుండా గ్రీజు పూశాడు. వారం రోజులు నేను తీసిన ఆధార్ కాపీల మీద అందరి మొహాలకూ జిడ్డు మరకలే. నేను తిట్టినన్ని తిట్లు తిడితే, "కొసరు వేస్తే గిట్ల తిడతరా లతమ్మా" అని బాధపడ్డాడు. నా పేరు మాధవీలత. ఆయన నోటికి అందులో సగమే ఎక్కుతుంది.

ఇక ఇంటి సంగతి. వాళ్ళ ఇల్లు దుకాణం వెనకే. ఉలిగెమ్మ కొత్త నూనె డబ్బా తెచ్చినప్పుడల్లా మేకుతో పైన రెండు రంధ్రాలు పొడుస్తుంది. ఒక మూల నూనెకు, ఎదురు మూల గాలికి. ఆ రెండో రంధ్రం పంపన్నకు కంట్లో నలుసు. రంధ్రం కనబడితే ఆయన చెయ్యి ఊరుకోదు. ఆమె అటు తిరగ్గానే మైనం పెట్టి మూసేస్తాడు. ఇక నూనె గుటుక్కు గుటుక్కుమంటూ ఆగి ఆగి పడుతుంది.

"ఏందయ్యా, మల్ల మూసినవా? గాలి పోకుంటే నూనె ఎట్ల వస్తది?"

"ఉత్తగ రంధ్రం ఎందుకే? చీమలు పోతయి."

ఇరవై రెండేళ్ళ కాపురంలో ఆమె అడిగిన ప్రశ్నకు ఆయన ఒక్కసారి కూడా జవాబు చెప్పలేదు, చీమల గురించే చెప్పాడు. మొదటి పదేళ్ళ సంగతి ఉలిగెమ్మ చెప్పింది, మిగతా పన్నెండేళ్ళూ రేకు గోడ గుండా నేనే విన్నాను.

ఇలాంటి మనిషి దగ్గరికి మొన్న వరి పొట్టకొచ్చే రోజుల్లో పావని వచ్చింది. పావని మా క్యాంపు పిల్ల. కాలువ వచ్చాక కోస్తా నుంచి వచ్చి చేరిన మా వాళ్ళ ఊళ్ళను ఇక్కడ క్యాంపులంటారు. మహిళా సంఘానికి మందు కొట్టే డ్రోను వచ్చినప్పుడు, నేను నేర్చుకుంటానని ముందుకొచ్చింది ఆమె ఒక్కతే. పదిహేను రోజులు శిక్షణకు వెళ్ళి లైసెన్సు తెచ్చుకుంది. మొదటిసారికే తెచ్చుకుందని పంపన్న నాకు రెండుసార్లు గుర్తుచేశాడు.

డ్రోను బాగానే ఎగిరేది. దాని పొట్ట కింద పది లీటర్ల ప్లాస్టిక్ ట్యాంకు, ట్యాంకుకూ పైపుకూ మధ్య టిక్కుమని పడే జోడు. ఆ జోడు చిట్లి మందు కారడం మొదలైంది. కారిన మందు వైర్ల మీద పడితే మొత్తం కాలిపోతుంది. అమ్మినవాళ్ళు కొత్త జోడు ఇదిగో అదిగో అంటూ మూడు వారాలు గడిపారు. అవతల చేలల్లో వరి రసం పీల్చే సుడిదోమ ఆగుతుందా? సంఘం అధ్యక్షురాలు గిరిజమ్మ తేల్చి చెప్పేసింది. శనివారం అందరి ముందూ ఎకరం తడిపి చూపించాలి, లేకపోతే డ్రోను జాలహళ్ళి సంఘానికి వెళ్ళిపోతుంది.

"ఇది నా చేతిలోంచి పోతే మళ్ళీ నన్నెవరూ దేనికీ నమ్మరు బాబాయ్" అంది పావని. "మా ఇంట్లో ఇప్పటికే గాలిపటం ఎగరేసుకుంటోందని నవ్వుతున్నారు."

పంపన్న డ్రోను చుట్టూ రెండుసార్లు తిరిగాడు. ఆయన మొహం చూడాలి, పెళ్ళినాడు కూడా అంత వెలిగి ఉండదు.

"ఫికర్ చెయ్యకు బిడ్డా. నాది ట్రాక్టరు చెయ్యే. గాని లీకుకు తాను నేల మీద ఉన్ననా, మొగులు మీద ఉన్ననా అని ఎరుక ఉంటదా?"

రెండు రోజులు ఇంకే పనీ ముట్టలేదు. ఇత్తడితో చేస్తే బరువు, బరువైతే ఎగరదు. అందుకని నైలాన్ కడ్డీని లేతు మీద చెక్కాడు. వెంట్రుకవాసి లావైందని మొదటిది పారేశాడు, వెంట్రుకవాసి సన్నమైందని రెండోది పారేశాడు. మూడోదానికి గాజుల స్టాండు నుంచి రెండు ఉంగరాలు తీసి తొడిగాడు. పానా ముట్టకుండా వేళ్ళతోనే బిగించాడు. ట్యాంకు నింపి, తలకిందులు చేసి, జోడు చుట్టూ సబ్బు నురగ పూసి చూశాడు. ఒక్క బుడగ లేదు. నేను కూడా వెళ్ళి చూశాను. నిజం చెప్పొద్దూ, ముచ్చటేసింది. పంపు నడిపి చూద్దామంటే బ్యాటరీ పావని ఇంట్లో చార్జింగులో ఉంది. లీకే లేనప్పుడు పంపు ఎందుకు నడవదని ఆయన ధీమా.

శుక్రవారం సాయంత్రం పావని వచ్చి డ్రోను తీసుకుపోయింది. ఆమె అటు పోగానే ఆయన నా దగ్గరికొచ్చి బోర్డు కొత్తగా ప్రింటు తీయించుకున్నాడు. 'ట్రాక్టర్, హార్వెస్టర్, విమానం: లీకులు బంద్.' డ్రోను విమానం కాదు పంపన్నా అన్నాను. "ఎగురుతదా లేదా?" అన్నాడు.

శనివారం పొద్దున బసవయ్య గారి వరిచేను గట్టు మీద యాభై మంది చేరారు. బసవయ్య గారంటే మా క్యాంపులో పెద్ద రైతు. ఆయన ఏది చేస్తే మిగతావాళ్ళు అదే చేస్తారు. సంఘం ఆడవాళ్ళతో ఉలిగెమ్మ కూడా వచ్చింది. ఫొటోలు తీయడానికీ, కాగితాలు రాయడానికీ నన్ను పిలిచారు. పరీక్షే గనక ట్యాంకులో ఉత్త నీళ్ళు పోశారు. పంపన్న ఇస్త్రీ చొక్కా వేసుకొచ్చి, జోడు గొప్పతనం పక్కవాడికి చెప్పి, ఆ పక్కవాడికి చెప్పి, మళ్ళీ మొదటివాడి దగ్గరికి వచ్చాడు.

పావని రిమోట్ కదిపింది. డ్రోను లేచింది. వరి మీద తెల్లటి తుంపర పరుచుకుంది. ఒక సాలు అయింది, రెండో సాలు అయింది. మూడో సాలు సగంలో తుంపర సన్నబడి ఆగిపోయింది. పంపు మాత్రం రొద పెడుతూనే ఉంది. పావని కిందికి దింపింది. జోడు దగ్గర చుక్క కారలేదు, ట్యాంకులో నీళ్ళు చాలా ఉన్నాయి. ట్యాంకు పక్కలు మాత్రం పస్తులున్న దూడ డొక్కల్లాగా లోపలికి పీక్కుపోయాయి. మళ్ళీ లేపింది. ఈసారి చుక్క కూడా రాలేదు.

"నీకు రిమోట్ సక్కగ రాలేదు గావొచ్చు బిడ్డా" అంది గిరిజమ్మ.

"కొండనాలుకకి మందేస్తే ఉన్న నాలుక ఊడిందంటే ఇదేనమ్మా" అన్నారు బసవయ్య గారు. "ఇంతకు ముందు కారుతూ అయినా కొట్టేది."

గట్టు మీద నవ్వులు. "నేను సరిగ్గానే నొక్కానండీ" అంది పావని. ఆ మాట ఎవరూ వినిపించుకోలేదు. ఆ పిల్ల రిమోట్ మీది మీటలన్నీ ఒక్కొక్కటే వేలితో తాకి చూసుకుంటోంది. ఎక్కడ తప్పు చేశానా అని వెతుక్కుంటోంది.

అప్పుడు పంపన్న వైపు చూశాను. ఆయన మాట్లాడడం లేదు. పన్నెండేళ్ళలో ఆయన నోరు మూసుకుని ఉండగా నేను చూసింది లేదు. పన్ను పీకించుకున్న రోజు కూడా సైగలతో ఊరి కబుర్లన్నీ చెప్పాడు. ఇప్పుడు ఆ పీక్కుపోయిన ట్యాంకునే చూస్తూ, కొయ్యబారి నిలబడ్డాడు.

"లతా, కాగితం రాయి" అంది గిరిజమ్మ. "డ్రోను నడుపుడు పావనికి చేతగాలేదు, అందుకని జాలహళ్ళి సంఘానికి ఇస్తున్నమని రాయి."

నాకు రాయాలని లేదు. అయినా అధ్యక్షురాలి మాట, రాయక తప్పదు. 'పావనికి' అన్న దాకా రాశాను.

"ఆగు లతమ్మా" అన్నాడు పంపన్న. "ఆ పేరు కొట్టెయ్యి. నాది రాయి."

అందరూ అటు తిరిగారు.

"బిడ్డ తప్పేం లేదు. జోడుది గూడ తప్పు లేదు. ట్యాంకు మూతకు నడుమ సూదంత రంధ్రం ఉండె. తలకిందులు చేస్తే అండ్లకెల్లి ఒక చుక్క వచ్చింది. నాకు మనసొప్పలె. ఎం-సీల్ ముద్ద పెట్టి మూసేసిన. బిడ్డకు చెప్పలె. కొసరు వేసిన అనుకున్న."

గట్టు మీద ఎవరికీ ఏమీ అర్థం కాలేదు. ఉలిగెమ్మకు అర్థమైంది. జనాన్ని తోసుకుంటూ ముందుకొచ్చింది.

"గాలి రంధ్రం మూసినవా? దీనికి గూడ మూసినవా?"

"మూసిన."

"గాలి పోకుంటే నీళ్ళు ఎట్ల వస్తయయ్యా?"

ఇరవై రెండేళ్ళ ప్రశ్న అది. యాభై మంది ముందు, ఇస్త్రీ చొక్కాలో, ఆయన మొదటిసారి జవాబు చెప్పాడు.

"రావు."

ఉలిగెమ్మ తాళికి గుచ్చుకున్న పిన్నీసు తీసి ఆయన చేతిలో పెట్టింది. ఆయన స్క్రూడ్రైవరుతో ఆ ముద్దను పెకలించి, మిగిలినదాన్ని పిన్నీసుతో పొడిచాడు. ఉస్సుమంటూ గాలి లోపలికి పోయింది. ట్యాంకు డొక్కలు టప్పుమని బయటికి పొంగాయి. ఆ చప్పుడుకు చేలో కొంగలు లేచాయి, ముందు వరసలో ఉన్న బసవయ్య గారు రెండడుగులు వెనక్కి వేశారు.

పావని కళ్ళు తుడుచుకుని డ్రోను లేపింది. ఈసారి తుంపర ఆగలేదు. ఎకరం చివరి మూల దాకా తడిపి, తీసుకొచ్చి బసవయ్య గారి చెప్పుల ముందు దింపింది. ఆయన ట్యాంకులోకి తొంగిచూసి, "రేపు మందు తెప్పిస్తానమ్మా. ముందు నా చేనే కొట్టాలి" అన్నారు. గిరిజమ్మ నా చేతిలో కాగితం లాక్కుని నాలుగు ముక్కలు చేసింది. తర్వాత కొంగు సర్దుకుని, ఫొటో కోసం పావని పక్కన నిలబడింది.

జనం పలచబడ్డాక పావని డ్రోను మడతపెడుతూ అడిగింది. "మీరు చెప్పకపోతే ఎవరికీ తెలిసేది కాదు కదా బాబాయ్. కొత్త బోర్డు కూడా పెట్టుకున్నారు."

"నా కడుపుల ఏది నిలుస్తది బిడ్డా" అని నవ్వాడు పంపన్న. తర్వాత నవ్వు ఆపి, "పది నిమిషాలు నోరు మూసుకొని నిలవడ్డ. నా డొక్కలు గూడ లోపలికే పోయినయి" అన్నాడు.

అప్పటిదాకా ఆయన్ని ఏమైనా ఒక మాట అనాలని నా నాలుక దురద పెడుతూనే ఉంది. ఆ మాట విన్నాక అనలేకపోయాను. ఎనిమిదంకె కోపంలో సగం అక్కడే వదిలేశాను. మిగతా సగం దాచుకున్నాను, ఎప్పుడైనా అవసరం పడుతుంది.

సాయంత్రం ఇడ్లీ బండి దగ్గర ఆయనే తన తప్పును అందరికీ చెబుతున్నాడు. చెప్పిన కొద్దీ ట్యాంకు చిన్నదైపోయి, నాలుగోసారికి నిమ్మకాయంత అయింది.

తర్వాతి వారం రేకు గోడ అవతల కొత్త నూనె డబ్బాకు మేకు దిగేసే సుత్తి దెబ్బ వినబడింది. ఒకటి. కొంచెం ఆగి ఇంకోటి. ఆ తర్వాత మరో రెండు, గట్టిగా.

"గాలి రంధ్రం ఇంత పెద్దగ ఎందుకయ్యా? ఎలుక పడతది ఇండ్ల" అంది ఉలిగెమ్మ.

"కొసరు" అన్నాడు పంపన్న.