అద్దాలాయన ఆదివారాలు

అద్దాలాయనకు ఓ సొంత పేరుందని ఆ వీధిలో చాలామందికి తెలియదు. కళ్ళజోళ్ళ దుకాణం వెనకగదిలో చిన్న బల్ల ముందు కూర్చుని అద్దాలు అరగదీయడం, ఫ్రేముల్లో బిగించడం ముప్పై నాలుగేళ్ళుగా ఆయన పని. సోమవారం నుంచి శనివారం దాకా వంచిన తల ఎత్తేవాడు కాదు. పలకరిస్తే "ఊఁ" అనేవాడు. రెండోసారి పలకరిస్తే అది కూడా అనేవాడు కాదు. ఈ మనిషికి ఇంట్లో అన్నం పెడుతున్నారా అని కొత్తవాళ్ళకు అనుమానం వచ్చేది. అలాంటివాళ్ళు ఆయన్ని ఆదివారం నాడు చూడాల్సింది.

ఆదివారం పొద్దెక్కకముందే మూడు సైకిళ్ళు ఊరవతలి రిజర్వాయరు దారి పట్టేవి. ముందు అద్దాలాయన, వెనక క్యారియరు మీద పంపు స్టవ్వు, అల్యూమినియం గిన్నె. ఆయన వెనక గాలాలతో బామ్మర్ది. వీడు పోస్టాఫీసు వ్యాను నడిపేవాడు. వ్యానుకైనా బ్రేకులుండేవి గానీ వీడి నోటికి ఉండేవి కావు. ఆఖర్న డ్రాయింగు మాస్టారు, హ్యాండిలుకు చదరంగం బల్ల కట్టుకుని, ప్రతి ఎత్తు దగ్గరా దిగి నడుస్తూ వచ్చేవారు. బామ్మర్ది చేపలు పట్టాలి, అద్దాలాయన వండాలి, చదరంగంలో ఓడినవాడు గిన్నె తోమాలి. వానలో తప్ప ఇరవై ఏళ్ళు ఆ వరస తప్పలేదు. ఎంత సుఖపడ్డారో ఆ ముగ్గురికీ అప్పుడు తెలియలేదు, ఎవరికి మాత్రం తెలుస్తుంది!

ఆ వంట చూసి తీరాలి. అద్దాలాయన చెంచాతో రుచి చూసేవాడు కాదు, మూత తీసి తొంగి చూసేవాడూ కాదు. స్టవ్వుకు వీపు పెట్టి మాస్టారితో చదరంగం ఆడుతుండేవాడు. ఉన్నట్టుండి గుర్రాన్ని చేత్తో గాల్లోనే పట్టుకుని ఆగేవాడు. ముక్కు కాస్త ఎగరేసి, "ఉల్లిపాయ పచ్చిదనం పోయింది" అని లేచివెళ్ళి, టమాటాలు వేసి వచ్చి, ఆ గుర్రాన్ని మొదట అనుకున్న గడిలోనే దింపేవాడు. వంటంతా ముక్కు మీదే నడిచేది.

"బావా, అంతా నువ్వే పీల్చేస్తే మాకేం మిగులుతుంది?" అనేవాడు బామ్మర్ది.

"ముళ్ళు మిగులుస్తాలే, ఏడవకు."

"మా అక్కకి కూడా ఇరవై ఏళ్ళుగా అవే మిగులుస్తున్నావా?"

వీడు వంక పెట్టకుండా ముద్ద మింగిన రోజు లేదు. ఓసారి కారం తక్కువనేవాడు, ఓసారి చేప వాడి వైపు కోపంగా చూస్తోందనేవాడు. అలా అంటూనే మూడోసారి పెట్టించుకునేవాడు.

కిందటేడు వానాకాలంలో అద్దాలాయనకు పదిరోజులు జ్వరం వచ్చింది. జ్వరం పోతూ పోతూ వాసన కూడా తీసుకుపోయింది. మొదట జలుబనుకున్నాడు. దుకాణంలో అరగదీసే చక్రం దగ్గర తడిసిన గాజుపొడి వాసన రాలేదు. ఇంటికొచ్చి, ఎవరూ చూడకుండా భార్య దిండు తీసి మొహానికి ఆనించుకున్నాడు. గుడ్డ మెత్తగా తగిలింది, అంతే. ఆ రోజు ఆయనకు నిజంగా భయం వేసింది. డాక్టరు, "రావచ్చు, రాకపోవచ్చు, చూద్దాం" అన్నాడు. ఆ మాట ఆయన భార్యకు కూడా చెప్పలేదు. వంటవాడికి ముక్కు పోయిందని తెలిస్తే ఆ గిన్నె మళ్ళీ తన చేతికి ఇస్తారా? జాలిపడి ఓ పక్కన కూర్చోబెడతారు. ఆయన బెంగంతా అదే.

రెండు ఆదివారాలు వాచీ చూసుకుంటూ, అలవాటు మీద ఎలాగో గట్టెక్కాడు. మూడో ఆదివారం కొంప ములిగింది. ఆ రోజు ఆట మహా జోరుగా ఉంది. మాస్టారి మంత్రి చిక్కుకుంది. వాచీ సంగతే మర్చిపోయాడు అద్దాలాయన. బామ్మర్ది దూరంగా గాలాలు సర్దుకుంటున్నాడు, స్టవ్వు మీద కూర అడుగంటుతోంది. మాస్టారికి ఆ వాసన బాగానే తెలిసింది. తెలిసినా ఆయన నోరు మెదపలేదు. ఇన్నేళ్ళలో ఆ ముక్కు పొరబడింది లేదు, కాబట్టి ఇదేదో కొత్త రకం వంటయి ఉంటుందని ఊరుకున్నారు. అంత గుడ్డినమ్మకం ఆ ముగ్గురి మధ్య తప్ప ఇంకెక్కడా ఉండదు.

తినేటప్పుడు మాస్టారు కొండ వైపు చూస్తూ నమిలారు. బామ్మర్ది తలొంచుకుని పళ్ళెం ఖాళీ చేశాడు, ఒక్క వంకా పెట్టలేదు. పైగా ఆట ఓడింది మాస్టారైతే, బామ్మర్ది గిన్నె లాక్కుని గబగబా నీళ్ళ దగ్గరికి నడిచాడు. అద్దాలాయన వెనకాలే వెళ్ళి చూశాడు. వాడు వీపు అడ్డం పెట్టి, ఇసకతో నల్లటి మాడును గీకుతున్నాడు.

ఆ మర్నాడే స్టవ్వు అటకెక్కింది. "మోకాళ్ళు సైకిలు తొక్కనివ్వట్లేదు" అన్నాడు అద్దాలాయన. నాలుగు ఆదివారాలు గడిచాయి. ఇంట్లో ఆయన ఆదివారం కూడా సోమవారంలాగే ఉంటున్నాడని భార్య తమ్ముడికి కబురు పెట్టింది.

ఐదో ఆదివారం బామ్మర్ది వచ్చి, చెప్పులు విడవకుండానే మొదలుపెట్టాడు.

"మోకాళ్ళా? మొన్న బస్సు వెనక పరిగెత్తుతుంటే నా వ్యాన్లోంచి చూశాను. అసలు సంగతి చెప్పు బావా."

అద్దాలాయన గోళ్ళు చూసుకుంటూ అన్నాడు, "నాకు వాసన రావట్లేదురా. జ్వరం వచ్చినప్పట్నుంచీ. ఏమీ రావట్లేదు."

వంటింటి గుమ్మంలో భార్య నిలబడి ఉంది. "నాకు చెప్పకుండా వాడికి చెప్తారా?" అంది. ఆవిడ కళ్ళలో నీళ్ళు తిరిగాయి, గొంతులో మాత్రం కోపమే. "ఇన్నాళ్ళూ నేను వండినవన్నీ బాగున్నాయని అబద్ధాలాడారా?"

"బాగానే ఉండి ఉంటాయని అన్నాను."

బామ్మర్ది స్టూలు వేసుకుని అటక మీంచి స్టవ్వు దింపాడు. దుమ్ము దులిపి, "పద. నీకు కావాల్సింది ఓ ముక్కే కదా. నాకుంది. మా ఆవిడకి దాంతో ఏం పని లేదు" అన్నాడు.

ఆ రోజు రిజర్వాయరు గట్టు మీద బామ్మర్ది గిన్నె మీద వంగి గొంతుక్కూర్చున్నాడు. పాపం, వాడికి ఇంజను ఆయిలు వాసన తప్ప దేనికీ పేరు తెలియదు. అద్దాలాయన ఎదురుగా కూర్చుని ఒక్కొక్కటే అడుగుతున్నాడు. మాస్టారు చదరంగం బల్ల మూసేసి, ఇదే ఎక్కువ బాగుందని అటు తిరిగి కూర్చున్నారు.

"ఘాటుగా ఉంది బావా."

"కళ్ళలోకి వస్తోందా, గొంతులోకి దిగుతోందా?"

"కళ్ళలోకి."

"ఇంకా పచ్చే. కలుపు."

కాసేపటికి వాడు తల తిప్పి, "ఇప్పుడు... చిన్నప్పుడు అమ్మ మమ్మల్ని వంటింట్లోంచి తరిమేసేది చూడు, ఆ వాసన" అన్నాడు.

"తరిమేముందా, తరిమాకా?"

వాడు కళ్ళు మూసుకుని ఆలోచించాడు. "తరిమాక మళ్ళీ వచ్చి గుమ్మంలోంచి తొంగిచూసేటప్పుడు."

"టమాటాలు వెయ్యి."

కూర కుదిరింది. కుదిరిందని మాస్టారు రెండుసార్లు పెట్టించుకుని మరీ చెప్పారు. అద్దాలాయన నాలుకకు ఉప్పు తెలిసింది, కారం తెలిసింది, మిగతాది వాళ్ళ మొహాల్లో చూసుకున్నాడు. గిన్నె తన చేతిలోనే ఉంది. ఎవరూ జాలిపడలేదు, పక్కన కూర్చోబెట్టలేదు. అయినా పళ్ళేలు కడిగాక ఆయన చాలాసేపు నీళ్ళ వైపే చూస్తూ ఉండిపోయాడు.

"ఒరేయ్," అన్నాడు చివరికి, "ఈ నీళ్ళ వాసన ఎలా ఉంటుందిరా?"

"నీళ్ళకి వాసనేంటి బావా?"

"ఉంటుందిరా. ప్రతి ఆదివారం మలుపు తిరగ్గానే వచ్చేది. మర్చిపోతున్నాను."

బామ్మర్ది నవ్వబోయి ఆగాడు. లేచి ఒడ్డుకు వెళ్ళి, దోసిలితో నీళ్ళు ముంచి, ముక్కు దగ్గర పెట్టుకుని అలాగే నిలబడ్డాడు. తిరిగొచ్చేసరికి చొక్కా ముందంతా తడిసింది.

"బురద ఉంది బావా. కొంచెం నాచు. ఎండకి కాలిన రాయి. ఇంకా ఏదో ఉంది, దాని పేరు నాకు తెలీట్లేదు."

"అదేరా," అన్నాడు అద్దాలాయన. "అదే, నాకు కావాల్సింది."

బామ్మర్ది మళ్ళీ నీళ్ళ దగ్గరికి నడిచాడు.