కొంగు పడని చీర

నా చిన్నప్పుడు ధర్మవరంలో మా ఇంట్లో రెండు మగ్గాలు ఆడేవి. ఒకటి మా చిన్నమ్మది. ఆమె నేత గురించి మొదలుపెడితే నాకు ఇప్పటికీ నోరు ఆగదు. ఆమె కలిపిన అంచు మీద వేలు పెట్టి చూసినా అతుకు తెలిసేది కాదు.

ఒక ఏడు ఆమె పొత్తికడుపులో గడ్డ లేచింది. బొడ్డు కింద పుండు పడి చీము కారేది. వీధంతా క్యాన్సర్ అన్నారు. గర్భసంచి తీసేయక తప్పదని మా వాళ్లు గుండె రాయి చేసుకుని అనంతపురం తీసుకెళ్లారు. అక్కడి డాక్టరమ్మ తొందరపడలేదు. పిల్లలు పుట్టకుండా ఎప్పుడో వేయించుకుని మరిచిపోయిన లూపు తీసేసి, చీములోని పసుపు పలుకులను పరీక్షకు పంపింది. ఇది క్యాన్సర్ కాదు, అరుదుగా వచ్చే క్రిమి, కత్తి అక్కర్లేదు, పెన్సిలిన్‌తో పోతుందని చెప్పింది. కాకపోతే నెలల తరబడి వాడాలి, మధ్యలో ఆపితే మళ్లీ తిరగబెడుతుందని గట్టిగా హెచ్చరించింది.

రెండు నెలలకు పుండు మానింది. చిన్నమ్మ మళ్లీ మగ్గం దగ్గర కూర్చుంది, పెన్సిలిన్ సూదులు వేసే నర్సమ్మ దగ్గరికి పోవడం మానేసింది. పాపం, సూదులకు ఒళ్లు హూనమైపోయింది. "బాగైనాను గదత్తా, ఇంగ సూదులెందుకు" అంది.

మా అవ్వ, అంటే చిన్నమ్మ అత్త, లోపలికి పోయింది. కత్తెర తెచ్చి మగ్గం మీది పట్టు పడుగు దారాలకు ఆనించింది. చీర ఒళ్లంతా నేయడం అయిపోయింది, కొంగు మాత్రం మిగిలింది. చిన్నమ్మ గబుక్కున అవ్వ చెయ్యి పట్టుకుంది.

"ఏం పనత్తా ఇది, కొంగు పడల్యా గదా."

"చీర బాగుండాది గదమ్మే, ఇంగ కొంగెందుకు."

చిన్నమ్మ మర్నాడు పొద్దున్నే నర్సమ్మ దగ్గరికి పోయింది. డాక్టరమ్మ చాలు అనేదాకా ఒక్క సూదీ తప్పలేదు. గడ్డ కరిగిపోయింది.

ఆడజబ్బు పేరెత్తడానికే సిగ్గుపడే రోజులవి. మా చిన్నమ్మ మాత్రం కడుపునొప్పని వచ్చిన ప్రతి ఆడమనిషికీ తన మచ్చ చూపించేది. "కత్తి పడల్యా, సూదులతోనే బాగైనాను. కొంగు దాకా నెయ్యల్ల, అంతే" అనేది. ఆమె మా ఇంటి మనిషని చెప్పుకోవడం నాకెంత గొప్పో.

మొన్న నాకు జ్వరమొస్తే ఐదు రోజులకు సరిపడా యాంటీబయాటిక్ మాత్రలిచ్చారు. మూడో రోజుకే ఒళ్లు తేలికపడింది, ఇక చాలనిపించింది. ఆ చివరి మాత్ర మింగేదాకా అవ్వ కత్తెర నా పడుగు మీదే ఉంది.