నాయకుడి ముఖం మీద రాయి

దర్శి నుంచి పొదిలి వెళ్లే బస్సు చెడిపోతే నాకు లోపల్లోపల సంతోషం. దిగి నడవచ్చు. మొన్న అలాగే నడుస్తూ, ఒక ఇంటి పక్కనున్న మిరప కల్లం దగ్గర ఆగి మంచినీళ్లు అడిగాను. పేరమ్మ అనే ఆవిడ నీళ్లిచ్చింది. తాగేలోగా ఓ పీట జరిపి, "ఊరికే కూర్చోకుండా తాలుకాయలు ఏరండి" అంది. తడిసి రంగుపోయి తెల్లబడిన కాయ తాలు. ఎర్రకాయ ధరలో దానికి సగం కూడా పలకదు. ఆవిడ భర్త యలమందయ్య తల వంచుకుని ఏరుతున్నాడు. ఇంత కాయ ఎలా తడిసిందని అడిగాను.

"భక్తి వల్లండి" అన్నాడు.

ఆ భక్తి దేవుడి మీద కాదు, పార్టీ మీద. సభ అయ్యాక అందరూ బిర్యానీ పొట్లాల వైపు పరిగెడితే, ఈయన నిచ్చెనెక్కి ఫ్లెక్సీలు విప్పి, పట్టుచీరల్లా మడిచి, ఇంటికి తెచ్చి అటకెక్కించేవాడు. పక్కింటి జయరావు ఒకటి గేదెల పాకకు కప్పుకుంటే, నాయకుడి ముఖానికి పేడ అంటుతుందని పోట్లాడి విప్పించాడు. ప్రతి ఫ్లెక్సీ అడుగునా వరసగా తపాలాబిళ్లంత ముఖాలుంటాయి కదా, అందులో ఎడమ చివరిది ఈయనది.

అమరావతి స్తూపానికి దానం చేసిన మామూలు మనుషులు కూడా రాతి మీద పేర్లు చెక్కించుకున్నారు. అవి ఇప్పటికీ ఉన్నాయి. ఫ్లెక్సీ ముఖం రెండు వానలకే వెలిసిపోతుంది. ఆశ మాత్రం అదే. నవ్వే హక్కు నాకూ లేదు. ఎవరిదో పెళ్లి వీడియోలో నా వీపు కనిపించిందని మళ్లీ మళ్లీ వేయించుకుని చూసినవాణ్ణి.

సరే, కాయ సంగతి. మూడు రోజుల కింద దర్శిలో నాయకుడి సభ. జనం కింద కూర్చోవడానికి ఏమీ లేదని ఊళ్లో పార్టీ పనులు చూసే శివనాగరాజు ఫోన్ చేశాడు. కల్లంలో కాయ ఎండుతుండగానే, దాన్ని కప్పడానికి ఉంచిన టార్పాలిన్ పరదాలన్నీ యలమందయ్య ట్రాక్టరెక్కించి పంపాడు. మాఘమాసంలో వానేమిటని ధైర్యం. మధ్యాహ్నానికి పడమట నల్లగా కమ్ముకొచ్చింది.

"అటక మీద నీ దేవుళ్లున్నారుగా, దించు!" అని అరిచింది పేరమ్మ.

దించాడు. ముఖం కిందికి పెడితే నాయకుడి కళ్లల్లో కారం పడుతుందని పైకి పెట్టి పరిచాడు. గాలికి లేవకుండా అంచుల మీద రాళ్లు పెట్టాలి. పై అంచున పార్టీ పెద్దలు, కుడి అంచున నిలువెత్తు నాయకుడు, మూలలో పార్టీ గుర్తు. రాయి పట్టుకుని చుట్టూ ప్రదక్షిణం చేశాడు.

"చివరికి నా మొహం మీద పెట్టానండి. రాయి పెట్టినా ఎవరూ ఏమీ అనుకోని మొహం అదొక్కటే."

మిగతా మూలలు లేచిపోయాయి. చినుకులు మొదలయ్యాయి. పేరమ్మ ఒక కొసను పట్టుకుని దాని మీదే పడుకుంది.

"రాయి పెట్టవయ్యా!"

"ఎట్టా పెట్టనే? ఆయన కళ్ల మీదికొస్తది!"

"కాయ పోతే తేలేసేది మన కళ్లు!"

అంతలో ఫోను. శివనాగరాజు. వెనక డప్పులు, ఈలలు.

"బాబాయ్, టీవీ పెట్టు! అన్న పార్టీ మారాడు! స్టేజీ మీదే కొత్త కండువా కప్పించుకున్నాడు!"

"ఏ పార్టీరా?"

"ఇంకేది? నువ్వు నిన్నటిదాకా తిట్టిందే!"

యలమందయ్యకు కోపం రాలేదట. "అయితే అది మంచి పార్టీయే అయ్యుండాలి" అనిపించిందట ముందు. తర్వాత చల్లటి చినుకు మెడ మీద పడింది. గట్టున ఉన్నవాటిలో పెద్ద రాయి ఎత్తి నాయకుడి ముక్కు మీద పెట్టాడు. ఇంకోటి గుర్తు మీద, ఇంకోటి పెద్దల వరస మీద. అప్పటికే సగం కాయ తడిసింది. సగం దక్కింది.

ఇదంతా చెప్పుకుంటూ మేం ఏరుతుండగానే శివనాగరాజు బండి మీద దిగాడు. మెడలో కొత్త కండువా, చేతిలో ఇంకోటి.

"పరదాలేవిరా?" అంది పేరమ్మ.

"సభ దగ్గరే ఉన్నాయి పిన్నీ, వస్తాయి. బాబాయ్, ముందిది వేసుకో. ఫొటో పంపాలి."

యలమందయ్య మెడ దానంతటదే ముందుకు వంగింది. కాడి చూసిన ఎద్దు మెడలా. వెంటనే తెలివి తెచ్చుకుని వెనక్కి లాక్కున్నాడు.

"చూశారాండీ, నేను మానుకున్నా ఇది మానుకోదు" అని మెడ మీద ఫట్టున చరుచుకున్నాడు. మిరపకాయ చెయ్యి. మెడ భగ్గుమంది. పేరమ్మ పగలబడి నవ్వింది.

పడమట మళ్లీ ఉరిమింది. మెడ రుద్దుకుంటూనే లేచి వెళ్లి బండి వెనక ఎక్కాడు.

"పోనియ్యరా దర్శికి. పరదాలు పంపిందీ నేనే, తెచ్చుకునేదీ నేనే."

"కండువా?"

"వానొస్తే నీ తలకు చుట్టుకో!"

ఈసారి ఓటు వేస్తారా అని అడిగాను.

"వేస్తానండి, వెయ్యకపోతే అన్నం సయించదు. ఎవరికని మాత్రం అడక్కండి, నాకే చెప్పుకోవట్లేదు."

బండి కదిలింది. నేను అటే చూస్తుంటే పేరమ్మ నా ముందుకు ఇంకో గంప తోసింది.

"మీరు ఆపకండి. వాన వచ్చేలోపు ఈ మంచికాయన్నా లోపలెయ్యాలి."