సరోజ గైరుహాజరు

కాస్త దగ్గరికి జరిగి కూర్చోండి. చేతిలో పని ఉంటే ఉండనివ్వండి, చిక్కుడుకాయల ఈనెలు తీస్తూ కూడా వినవచ్చు, నా మాటలకు మీ చెవులు చాలు. ఆ రోజుల్లో ఆడపిల్లకు పేరు పెట్టడమంటే ఇప్పటిలాగా నలుగురిని అడిగి, నోట్లో వేసుకుని చప్పరించి, తియ్యగా ఉందని తేల్చుకుని పెట్టడం కాదు. ముత్తవ్వ పేరో, ఊరి దేవత పేరో, పుట్టిన వారం పేరో, ఏది ముందు గుర్తొస్తే అది తగిలించేవాళ్ళు. మా ఎల్లారెడ్డిలో మా వాడకట్టున నిలబడి "ఎల్లవ్వా" అని ఒక్క కేక వేస్తే నాలుగు గుమ్మాల్లోంచి నలుగురు పలికేవాళ్ళు. వాటిలో ఏ ఒక్కటి నాకు దక్కినా ఈ కథే లేదు. నా పేరు పెంటమ్మ. (నవ్వాలనుకున్నవాళ్ళు ఇప్పుడే నవ్వేయండి, నేను ఆగుతాను.) పశువులున్న ఇంట పుట్టినవాళ్ళకు పెంట అంటే ఏమిటో చెప్పనక్కరలేదు. లేనివాళ్ళ కోసం చెబుతున్నాను, పొద్దున్నే కొట్టం ఊడ్చి ఆ పేడా ఆ చెత్తా తీసుకెళ్ళి పోసే కుప్ప అది. ఆ కుప్ప పేరు నాకు ఎందుకు పెట్టారో ఎవరూ చెప్పలేదు. అడిగితే మా అవ్వ (మా వైపు అమ్మను అవ్వ అంటాం) "మూసుకొని బువ్వ తిను" అనేది. నేను మూసుకుని ఎట్లా తినాలో తెలియక కాసేపు ఆలోచించి, తినేదాన్ని.

నాకు తొమ్మిదేళ్ళు వచ్చిన ఏడు మా మేనత్త, అంటే మా బాపు అక్క, కామారెడ్డి నుంచి కబురు పంపింది. వాళ్ళ పక్కింటి అరుగు మీద ఒక పంతులమ్మ ఆడపిల్లలకు తెలుగు బడి పెట్టిందట. "నాలుగు అచ్చరాలు వస్తే రేపు పెండ్లయినంక అవ్వకు ఉత్తరమన్న రాసుకుంటది, తోలియ్యి తమ్మీ" అని. మా అవ్వ ఒక పట్టాన ఒప్పుకోలేదు. "ఉన్నది ఒక్కతి. కండ్ల ముందట లేకుంటే నాకు ముద్ద దిగదు" అని మూడు రోజులు పొయ్యితో, కుండలతో, మా బర్రెతో కూడా చెప్పుకుంది. నాకు మాత్రం బడి అంటే ఎంత ఆశ అంటే, నా గౌను మూట నేనే కట్టుకుని గడప మీద కూర్చున్నాను. చివరికి బాపు గెలిచాడు.

మొదటి రోజు అత్త నన్ను అరుగు దాకా తెచ్చి, పొయ్యి మీద పాలు పొంగుతున్నాయని వెనక్కి పరుగెత్తింది. ఆ పాలు ఒక్క నిమిషం ఆగి పొంగి ఉంటే నా బతుకు వేరేగా ఉండేది. పంతులమ్మ పట్నం మనిషి, చూపు కొంచెం తక్కువ, కలం సిరాలో ముంచి ముక్కు పుస్తకానికి ఆనించి అడిగింది, "నీ పేరేంటి పాపా?" నేను ఆ పది మంది ఆడపిల్లలను చూశాను. వాళ్ళు నన్ను చూశారు. ఎల్లారెడ్డిలో తహసీల్దారు గారి అమ్మాయి ఒకతి ఉండేది, పువ్వుల గొడుగు పట్టుకుని ఎండ లేని పూట కూడా నడిచేది. ఆ గొడుగు ఆమె పేరుతో పాటే వస్తుందని నా నమ్మకం. "సరోజ" అన్నాను. పంతులమ్మ రాసేసింది. ఇంత తేలికని తెలిస్తే ఇంకా ముందే మార్చుకునేదాన్నని అనుకున్నాను.

మరునాటి నుంచి హాజరు పిలవడం మొదలు. పంతులమ్మ తల ఎత్తకుండా పేర్లు చదివేది, పిల్లలు "హాజర్" అనేవాళ్ళు. అందరివీ అయ్యాక "సరోజ" అనేది. ఎవరూ పలికేవాళ్ళు కాదు. మళ్ళీ "సరోజ" అనేది. నేను చేతులు కట్టుకుని, నోట్లో పెంటమ్మకు జవాబు సిద్ధంగా పెట్టుకుని, నా పేరు ఎప్పుడు వస్తుందా అని చూసేదాన్ని. రోజూ బడి ఎగ్గొట్టే ఆ సరోజ ఎవరో, పాపం ఇంట్లో తన్నులు తింటుంది కదా అని బాధ కూడా పడ్డాను. నాలుగో రోజు పంతులమ్మ విసుగెత్తి, "ఈ సరోజ నాలుగు రోజులుగా గైరుహాజరు, పేరు కొట్టేస్తున్నా" అంది. నా పక్కన కూర్చునే కోమటింటి పిల్ల (అందరం దాన్ని చిట్టి అనేవాళ్ళం) నా తొడ మీద గట్టిగా గిల్లింది. "నువ్వే గదనే సరోజవు. పలుకు." ఆ గిల్లుడుతో నాకు జ్ఞాపకం వచ్చి, బడి అంతా అదిరేటట్టు "హాజర్" అని అరిచాను.

రెండు నెలలు అట్లా బాగానే గడిచాయి. గుణింతాలు వచ్చాయి, పేరూ అలవాటయింది. ఇంట్లో పెంటమ్మ, అరుగు మీద సరోజ, మధ్యలో ఒక్క గోడ. అంతలో వానలు పడి నాకు చలిజ్వరం వచ్చింది. అత్త భయపడి ఎల్లారెడ్డికి కబురు చేస్తే, మా అవ్వ పొద్దెక్కకముందే మోటారులో దిగి, రెండు రోజులు నా మంచం పట్టె వదలకుండా కషాయాలు తాగించింది. జ్వరం దిగిన పూట చిట్టి తలుపు దగ్గరికి వచ్చి, "సరోజకు ఎట్లున్నదవ్వా?" అని అడిగింది.

"ఎవరు బిడ్డా సరోజ?" అంది అవ్వ.

"గా మంచంల పండింది గదా, ఆమెనే."

నేను దుప్పటి నెత్తి మీదికి లాక్కున్నాను. అది పనికిరాలేదు. సంగతంతా విన్నాక అవ్వ నన్ను కొట్టలేదు, తిట్టలేదు, అదే చూసి నాకు భయమేసింది. మొహం తెల్లగా పాలిపోయింది. "అందుకే జరం వచ్చింది. వదినా, చాట యియ్యి. తవుడు యియ్యి. పిల్లను ఇంటికి తోల్కపోత, ఇగ బడి లేదు గిడి లేదు" అంది. అత్త "వాన నీళ్ళకు వచ్చిన జరమే మరదలా" అన్నా వినలేదు. ఒక చేత్తో తవుడు చాట, ఇంకో చేత్తో నన్నూ పట్టుకుని అరుగు ఎక్కింది. పిల్లలందరూ పలకలు కింద పెట్టారు.

"పంతులమ్మా, నా పిల్లను నాకు అమ్ము."

పంతులమ్మ కళ్ళు చికిలించి చాటను చూసింది, నన్ను చూసింది. "మీ అమ్మాయిని నేనెట్లా అమ్ముతానమ్మా, మీదే కదా."

"కొత్త పేరు నువ్వు రాసుకున్నవ్. పేరు రాసుకున్నోళ్ళదే పిల్ల" అని అవ్వ చాట కింద పెట్టి కూర్చుంది. "దీనికి ముందట ముగ్గురు పుట్టిండ్రు. మంచి మంచి పేర్లు పెట్టుకున్న. ఒక్కరు గూడ నిలువలే. ఇది పుట్టంగనే, అక్కరలేని పిల్ల అన్నట్టు చాటల వేసి పెంట మీద పారేసినం. మా వదిన ఎవరి పిల్లనో దొరికినట్టు ఎత్తుకచ్చింది. నేను తవుడు పోసి కొనుక్కున్న. పారేసినదాని దిక్కు సావు గూడ చూడదంటరు, చూడలే. ఇప్పుడు మీరందరు గింత మంచి పేరు పెట్టి పిలుస్తుంటే సావుకు తెల్వదా, ఇది మాకు కావాల్సిన పిల్లనే అని?"

నేను ఆ మాటలు అప్పుడే మొదటిసారి విన్నాను. కొట్టం ఊడ్చిన చెత్త పేరని సిగ్గుపడ్డదాన్ని, నాకు ముందు ముగ్గురున్నారని కూడా తెలియని దాన్ని, అవ్వ కొంగు పట్టుకుని నిలబడ్డాను. పంతులమ్మ చాటలో చెయ్యి పెట్టి తవుడు వేళ్ళ మధ్య నలిపి చూసింది, అచ్చం సంతలో చూసినట్టు.

"ఇది చాలదమ్మా" అంది.

"చాలదా? నా పిల్లను నాకు అమ్మనీకి బేరమా?"

"మీరు కొన్నప్పుడు ఒక్క రోజు పిల్ల. ఇప్పుడు గుణింతాలు వచ్చిన పిల్ల. ధర పెరగదా మరి?"

వెనక నుంచి అత్త, "గది నిజమే మరదలా" అంది. అవ్వ ఆమె వైపు ఒక చూపు చూసి, "ఇంకేం కావాలె?" అని అడిగింది.

"నాలుగో తరగతి దాకా మా బడికి పంపాలి. అట్లా అయితే అమ్ముతాను. పేరు మీరు పెట్టిందే రాస్తాను."

అవ్వ నన్ను చూసింది. గొడుగు పేరు పోతుంది, బడి ఉంటుంది. రెండూ కావాలని అడిగే ధైర్యం లేదు. "ఏమంటవే?" అంది అవ్వ. నేను పిల్లల వైపు తిరిగి, వాళ్ళు నవ్వుతారని తెలిసే, "నా పేరు పెంటమ్మ" అన్నాను. నవ్వారు. పంతులమ్మ సరోజను ఒక గీతతో కొట్టేసింది. "ఈ తవుడు నేనేం చేసుకోను?" అని అడిగితే అవ్వ "బర్రెకు పెట్టు" అంది. "నాకు బర్రె లేదమ్మా." "గింత సదువుకొని బర్రె గూడ లేదా?" అని అవ్వ నిజంగానే జాలిపడింది.

మరునాడు అరుగు ఎక్కాను. హాజరులో "పెంటమ్మ" అని రాగానే కిసకిసలు, నేను నేలను చూస్తూ "హాజర్" అన్నాను. నవ్వులు ఆగకముందే చిట్టి లేచి నిలబడింది. "పంతులమ్మా, మా నాయనమ్మను అడిగిన. నన్ను గూడ పారేసి కొనుక్కున్నరంట. ఇంట్ల నా పేరు తవుటవ్వ. గదే రాయమన్నది." పంతులమ్మ కలం ఆగింది. వెనక వరుసలో ఇంకో పిల్ల చెయ్యెత్తి, తన పేరు బిచ్చవ్వ అని, ఐదిళ్ళ బిచ్చమెత్తి తనను దక్కించుకున్నారని చెప్పింది. అది అయ్యేసరికి మరొకతి లేచింది. పుస్తకంలో నలుగురి పేర్ల మీద గీతలు పడ్డాక పంతులమ్మ తల పట్టుకుంది. "రేపు పైనుంచి తనిఖీకి వచ్చేవాళ్ళకు నేనేం చెప్పాలే?"

"మేమందరం కొన్న పిల్లలమని చెప్పుండ్రి" అంది చిట్టి.

నాలుగో తరగతి దాకా చదివాను, అవ్వ మాట తప్పలేదు. ఆ పైన చదువు లేదు, కానీ పెళ్ళయ్యాక అవ్వకు ఉత్తరాలు రాశాను, చదివి పెట్టడానికి అక్కడ ఎవరూ లేకపోయినా రాశాను. ఆమె వాటిని బియ్యం డబ్బాలో దాచుకుందట. ఇప్పుడు ఆ తొమ్మిదేళ్ళ పిల్ల తలపుకొస్తే దగ్గరికి పిలిచి, జ్వరం తగ్గిన ఆ నుదురు నిమిరి, "ఎంత ఆశపడ్డావే" అని నవ్వాలనిపిస్తుంది. పిలిస్తే మాత్రం వస్తుందో రాదో, మొండిది.

ఇంతసేపు కూర్చుని విన్నారు. మీ ఇంట పుట్టిన ప్రతి బిడ్డా నిలవాలి, తల్లి ముద్దుగా పిలుచుకునే పేరేదైనా ఏ భయమూ లేకుండా పిలుచుకోవాలి, మీ గాదెలు నిండుగా, మీ గడపలు చల్లగా ఉండాలి.