మూడు వేళ్ల వల

2023లో, దసరా వెళ్లిన వారం, మల్లయ్య కాక మూడు నెలల కింద కొన్న వలను గోనెసంచిలో కుక్కి తెచ్చి నా బల్ల మీద దబ్బున పడేశాడు. కోరుట్లలో వలలు, గాలాలు, తాళ్లు అమ్మే దుకాణం నాది. ఇరవై రెండేళ్లుగా ఇదే పని. ఇంట్లో ఉర్దూ, దుకాణంలో తెలుగు, కోపమొస్తే రెండూ. ఎలుక కొరికిన వలను కూడా "కొన్నప్పుడే గిట్లుంది" అని వాపసు తెచ్చే మహానుభావులను చూశాను. కానీ కాక అలాంటివాడు కాదు.

"వల ఖరాబున్నది భాయ్. కన్ను సాగింది" అన్నాడు.

కన్ను అంటే వలలో రంధ్రం. కంపెనీవాళ్లు మెష్ సైజ్ అంటారు. మేం అమ్మేవి ఎక్కువగా గిల్ నెట్లు. చేప తల కన్నులో దూరుతుంది, ఒళ్లు దూరదు, వెనక్కి రాబోతే మొప్పలు చిక్కుకుంటాయి. కన్ను కంటే చిన్న చేప తప్పించుకుపోతుంది. చేపలు పట్టేవాళ్లు కన్నును వేళ్లతో కొలుస్తారు. బుగ్గారం వైపు కాక వాళ్ల చెరువులో ఒక కట్టుబాటు ఉంది, మూడు వేళ్ల కంటే చిన్న కన్ను వల నీళ్లలో దిగకూడదు. పిల్లలు బతకాలని పెద్దలు పెట్టిన నియమం.

"నైలాన్ సాగదు కాకా" అన్నాను.

"సాగకుంటే గిదేంది? ముందుగాల మూడు వేళ్లు పెడితే బిగుతుగుండేది. ఇప్పుడు సూడు, లొడలొడ."

నిజంగానే ఆయన వేళ్లు కన్నులో వదులుగా ఆడాయి. నాకు బుర్ర తిరిగింది. స్కేలు తీసి ముడి నుంచి ముడికి కొలిచాను. సరిగ్గానే ఉంది. దుకాణం పెట్టిన ఏడాది వల ముక్క ఒకటి శాంపిల్‌గా మేకుకు వేలాడుతుంటే దించి పక్కన పెట్టి చూశాను. వెంట్రుకవాసి తేడా లేదు. నా స్కేలు గెలిచిందని మురిసేలోపే కాక ఉంగరం నా కంటపడింది. జారిపోకుండా వెండి ఉంగరానికి అడుగున దారం చుట్టుకున్నాడు. షుగరొచ్చి మనిషి చిక్కిపోయాడు. సాగింది వల కాదు, సన్నబడింది వేళ్లు.

ఆ మాట నోటిదాకా వచ్చి ఆగింది. ఎందుకంటే ఆయన గొంతు తగ్గించి అసలు సంగతి చెప్పాడు. చెరువులో ఎక్కడ వల వేయాలో చెప్పేది ముప్పై ఏళ్లుగా ఆయనే. రెండేళ్లుగా వలలు ఖాళీగా వస్తున్నాయి. చేపలు పట్టేవాళ్ల సంఘంలో కుర్రవాళ్లు "కాక చెయ్యి తప్పింది, ఇగ కట్ట మీద కూసోమను" అంటున్నారట.

"వల ఖరాబని ఒక్క మాట చెప్పు భాయ్. లేకుంటే నా చెయ్యే ఖరాబైనట్టు."

వల బాగుందంటే ఆయన మాట పోతుంది. బాగాలేదంటే నా దుకాణం మాట పోతుంది. వేళ్ల సంగతి చెప్తే, ముసలితనం వచ్చిందని నేనే చాటినట్టు. "రేపు పొద్దున నేనే చెరువు కాడికొస్త, సూద్దాం" అని పంపించాను.

వెళ్లేటప్పుడు ఆ మూడు వేళ్ల వలతో పాటు దుకాణంలోంచి ఒక రెండు వేళ్ల వల కూడా పట్టుకెళ్లాను. అది చూసి కాక మొహం మాడ్చాడు. "పరీక్ష కోసమే, పడ్డ చేపలను మళ్లీ నీళ్లల్లనే ఇడుద్దాం" అంటే ఒప్పుకొని, థర్మకోల్ తెప్ప మీద వెళ్లి రెండూ పక్కపక్కనే కట్టివచ్చాడు. అది పేరున్న చెరువు. ఆదివారమైతే జగిత్యాల, సిరిసిల్ల నుంచి కూడా జనం గాలాలతో దిగుతారు, పెద్దది పడితే ఫోటో దిగి పట్టుకుపోతారు. ఆ గాలాలు అమ్మేదీ నేనే, దాయడమెందుకు.

రెండు గంటలకు వలలు లాగాడు. మూడు వేళ్ల వలలో ఒక్కటంటే ఒక్క చేప. రెండు వేళ్ల వల తెల్లగా మెరిసిపోతోంది. అన్నీ తిలాపియాలే, పెనంలో నిండుగా వేయించుకునే రకం. ఒకప్పుడు పెనంలో రెండు పడితే గొప్ప. ఇవి ఆరు పడతాయి.

"అన్నీ పిల్లలే. పాపం తగుల్తది" అని ఒకదాన్ని విడిపించి నీళ్లలోకి వదలబోయాడు కాక. అది నోరు తెరిచింది. ఆయన అరచేతిలోకి పసుపు పచ్చని గుడ్లు జలజలా రాలాయి.

తిలాపియా తల్లి గుడ్లను నోట్లో పెట్టుకుని పొదుగుతుంది, అది ఇద్దరికీ తెలుసు. కానీ ఇంత చిన్నదా? ఇంకొకదాన్ని తీశాడు. దాని నోట్లోనూ గుడ్లే.

"గిది పిల్ల గాదు భాయ్" అన్నాడు. "తల్లి."

చేపల శాఖలో పనిచేసే ఒకాయన చేతివల కోసం దుకాణానికి వస్తే అడిగాను. దీన్ని స్టంటింగ్ అంటారని, అంటే ఎదుగుదల ఆగిపోవడమని చెప్పాడు. గూడు కట్టి కాపలా కాసే పెద్ద మగచేపలే ముందు వలకీ గాలానికీ చిక్కుతాయట. అవి పోతే చిన్నవి తొందరపడి సంసారం మొదలెడతాయి. తిన్నదంతా గుడ్లకే పోతుంది, ఒళ్లు పెరగదు. పైగా ఏళ్ల తరబడి మూడు వేళ్లు దాటినవాటినే పడుతుంటే, మూడు వేళ్లు దాటనివాటి సంతానమే మిగులుతుందట.

"అయితే పిల్లల్ని వదిలేయడం తప్పా?"

"తప్పనీ కాదు, ఒప్పనీ కాదు. గుంపు ఎక్కువైనా ఎదగవు. చెరువుని బట్టి ఉంటది" అన్నాడు. అడగకముందు కాస్తో కూస్తో తెలుసనుకున్నాను, అడిగాక అదీ పోయింది.

ఒక్కటి మాత్రం చేయగలిగాను. సంఘం వాళ్లు కూడిన రోజు వెళ్లి అందరి ముందు చెప్పాను. "వల మంచిగనే ఉన్నది. కాక చెయ్యి కూడా తప్పలే. చేపలు గాయన చూపించిన జాగలనే ఉన్నయి. మన వల కన్నుల నుంచే పోతున్నయి." కాక తల వంచుకుని కండువాతో కళ్లు తుడుచుకున్నాడు. దుకాణదారుడిగా అంత గర్వపడ్డ రోజు లేదు.

ఆ గర్వం వారం కూడా నిలవలేదు. అదే సంఘం నుంచి నలుగురు వచ్చి రెండు వేళ్ల వలలు అడిగారు. తాతల కట్టుబాటును నా ఒక్క మాట తెంపేసింది. ఇవ్వనని అనాలనుకున్నాను. ఇవ్వకపోతే మెట్‌పల్లిలో కొంటారని నాకు నేనే సర్దిచెప్పుకుని ఇచ్చాను.

ఇన్నేళ్లూ వలనే కొలిచాను, చేపను ఒక్కసారీ కొలవలేదు. అందుకే ఇప్పుడు ఎవరైనా చిన్న కన్ను వల అడిగితే, మీ చెరువులో ఎంత సైజు చేపకు గుడ్లుంటున్నాయని ముందు అడుగుతున్నాను. కొందరు చెప్తారు, కొందరు నవ్విపోతారు. వాళ్లు చెప్పినా ఏం సలహా ఇవ్వాలో నాకు ఇప్పటికీ సరిగ్గా తెలియదు.

మొన్న కాక వచ్చాడు, తాళ్ల కోసం. మళ్లీ ఆయన చెప్పిన చోటే వలలు దిగుతున్నాయట. పోతూ పోతూ వేలాడుతున్న రెండు వేళ్ల వలలో రెండు వేళ్లు పెట్టి చూశాడు. అవీ లొడలొడలాడాయి.

"చేపలు గీ కన్నుల నుంచి కూడా పోయేటంత చిన్నగైతే, అప్పుడేం అమ్ముతవు భాయ్?" అన్నాడు.

కంపెనీ మనిషి ముందు రోజే ఇచ్చిపోయిన ఒక వేలు కన్ను శాంపిల్ బల్ల కింద ఉంది. కాలితో మెల్లగా దాన్ని లోపలికి నెట్టాను.