లచ్చి నెత్తురులో తోడబుట్టినవాడు

తెలంగాణ రాష్ట్రం వచ్చిన మరుసటి ఏడు వానాకాలంలో నన్ను రామన్నపేట వైపు ఒక మండల పశువైద్యశాలకు బదిలీ చేశారు. హోదా వెటర్నరీ అసిస్టెంట్ సర్జన్. పేరులో అసిస్టెంట్ అని ఉన్నా అక్కడ పెద్ద డాక్టరునూ నేనే, చిన్న డాక్టరునూ నేనే. గొర్రెలకు నట్టల మందు, బర్రెలకు చూడి పరీక్షలు, మధ్యలో పైఆఫీసుకు నివేదికలు. పొద్దు ఎలా గుంకేదో తెలిసేది కాదు.

చేరిన కొద్ది రోజులకే యాదమ్మ, సైదులు అనే భార్యాభర్తలు తమ జెర్సీ సంకర పెయ్యను తోలుకొచ్చారు. గొర్లు కాచుకుంటూ, కొంచెం పత్తి వేసుకునే కుటుంబం. పెయ్య పేరు లచ్చి. ఈడు దాటిపోతున్నా ఎదకు రాలేదు. ఖనిజ లవణాల పొడి తినిపించారు, సూదులు వేయించారు, ఏదీ పనిచేయలేదు.

"గీ పాలి గూడ కాకుంటె ఆలేరు అంగట్ల అమ్ముడే మేడం" అని సైదులు ముందే చెప్పేశాడు. ఈనని పెయ్యను అంగట్లో కొన్నవాళ్లు ఎక్కడికి తోలుతారో అక్కడున్న అందరికీ తెలుసు. యాదమ్మ మాత్రం లచ్చి మెడ మీది నుంచి చెయ్యి తీయలేదు.

చేతికి తొడుగు వేసుకుని, వెనుక నుంచి మోచేతి దాకా పోనిచ్చి లోపల తడిమి చూశాను. మా వృత్తిలో ఇది రోజువారీ పరీక్ష. గర్భసంచి, అండాశయాలు వేళ్లకు స్పష్టంగా తగులుతాయి. లచ్చికి ఆ చోట దారం లాంటిది తప్ప ఏమీ దొరకలేదు. నాకు అనుమానం వచ్చి, ఇది ఒక్కతే పుట్టిందా, కవలగా పుట్టిందా అని అడిగాను.

ఇద్దరూ ముఖాలు చూసుకున్నారు. రెండు దూడలను ఈని తల్లి చనిపోతే ఆ మాట బయట ఎత్తడం ఇంటికి మంచిది కాదని వాళ్లలో పట్టింపు. అందుకే ఇన్నాళ్లూ మందులిచ్చిన వాళ్లెవరికీ చెప్పలేదు.

"ఇద్దరు పుట్టిన్రు మేడం" అంది యాదమ్మ చివరికి. "దీని యెంబడి కోడెదూడ. తల్లి గా దినమే సచ్చిపాయె. కోడె పాలు తాగక అదిగూడ పాయె. దీన్ని మేకపాలు పోసి సాదిన."

అనుమానం సగం తీరింది. మిగతా సగం తీరాలంటే నెత్తురు పరీక్ష చేయాలి. గడ్డకట్టనివ్వని మందున్న గొట్టంలో లచ్చి రక్తం తీసి, మంచుపెట్టెలో పెట్టి, హైదరాబాదులో పశువుల జన్యువులను పరిశీలించే నా పాత సహాధ్యాయినికి పంపాను. తెల్ల రక్తకణాలను పెంచి, అవి రెండుగా చీలబోయే అదనులో ఆపి, గాజుపలక మీద పరిస్తే లోపలి క్రోమోజోములు విడివిడిగా కనిపిస్తాయి. ఆడదైతే రెండు ఎక్స్‌లు, మగదైతే ఒక ఎక్స్, ఒక పొట్టి వై.

ఆమె ఫోను చేసి, వచ్చి నీ కళ్లతోనే చూసుకో అంది. వెళ్లాను. సూక్ష్మదర్శినిలో మొదటి కణం ఆడది. పలకను కొంచెం జరిపితే పక్క కణంలో పొట్టి వై. ఇంకా జరిపితే మళ్లీ వై. పలకను వెనక్కి జరిపి మళ్లీ చూశాను. ఎప్పుడో పూడ్చిపెట్టిన కోడెదూడ కణాలవి. తల్లి కడుపులో ఇద్దరి మాయలూ కలిసిపోయి, రక్తనాళాలు ఒకటయ్యాయి. ఆ దారిన వచ్చిన మగదూడ హార్మోన్లు లచ్చి గర్భసంచిని ఎదగనివ్వలేదు. అదే దారిన వచ్చిన నెత్తురు మూలకణాలు లచ్చి ఎముకల మూలుగలో స్థిరపడి, ఇన్నేళ్లుగా కొత్త నెత్తురు తయారు చేస్తూనే ఉన్నాయి. పుస్తకంలో ఈ సంగతి చదివి పరీక్ష రాసినదాన్నే. కానీ చూడటం వేరు. నా స్నేహితురాలు పిలిచేదాకా కంటి దగ్గరి నుంచి ఆ గొట్టం వదలబుద్ధి కాలేదు.

తిరిగొచ్చి వాళ్లను పిలిపించాను. లచ్చి ఎన్నటికీ చూడి కట్టదని చెప్పక తప్పలేదు. ఇక అంగడికే అన్నట్టు సైదులు తువ్వాల దులిపి భుజాన వేసుకున్నాడు. కారణం కూడా వివరించాను.

యాదమ్మ నమ్మలేదు. "కోడె సచ్చి మన్నుల గలిసె గద మేడం. ఇంక దాని నెత్తురు యాడికెల్లి పుడ్తది?"

నారు పోసిన చోట కాక వేరే మడిలో నాటినా మొక్క బతుకుతుంది కదా, అలాగే అన్నాను. ఆమె లచ్చిని కొత్తగా చూసింది. తర్వాత మొగుడి వైపు తిరిగింది.

"అంగడికి వద్దు. అన్న నెత్తురున్నప్పుడు అన్న పని చేస్తది. కాడి గడుదాం."

సైదులు ఉలిక్కిపడ్డాడు. వాళ్ల ఊళ్లో ఆవు మెడ మీద కాడి పెట్టరు. "ఊరు నవ్వదానే? మేడం, జర మీరన్న చెప్పున్రి" అన్నాడు.

మగకణాలు నెత్తురులోనే ఉన్నాయనీ, కండలూ కొమ్ములూ లచ్చివేననీ ఉన్నదున్నట్టు చెప్పాను. మెడ మాత్రం గట్టిది, మెల్లగా అలవాటు చేస్తే లాగగలదన్నాను.

"నెత్తురుంటె సాలదా?" అంది యాదమ్మ. సైదులు లచ్చి పలుపు పట్టుకుని ఇంటిదారి పట్టాడు.

రిటైరయ్యే ముందు ఒకసారి ఆ దారిన వెళ్తూ జీపు ఆపించాను. పత్తి సాళ్ల మధ్య లచ్చి ఒంటిగా కలుపు తీసే గుంటుక లాగుతోంది. వెనకాల యాదమ్మ "నడువు రాముడా" అని అదిలిస్తోంది. పేరెప్పుడు మార్చావని అడిగాను.

"మార్చలే మేడం. కాడి కింద ఉన్నంతసేపు రాముడు. ఇప్పినంక లచ్చి. ఇద్దరున్నరు గద, ఇద్దరిని పిలవాలె."

ఈ మధ్య పరిశోధనలు చదువుతుంటే తెలిసింది, మనుషుల్లోనూ కన్న బిడ్డల కణాలు కొన్ని తల్లి ఒంట్లో ఏళ్ల తరబడి మిగిలిపోతాయట. ఇద్దరిని కన్నదాన్ని, ఆ పూట నా చేతులను నేనే తిప్పి తిప్పి చూసుకున్నాను. లచ్చి వల్ల నా పనిలో మారినవి రెండు. ఎదకు రాని పెయ్య వస్తే ముందు దాని పుట్టుక అడిగేదాన్ని. ఇక ఎదురుగా ఉన్నది ఒక్క ప్రాణే అని పరీక్షించకుండా నివేదికలో రాయడం మానేశాను.